ఖరీదు కట్టిన కానుక

రంజాన్ చివరి పది రోజులు మొదలయ్యాయంటే మా మద్రసాకు బీదర్ నుంచి ఒక పొట్లం వచ్చేది. మెత్తని గుడ్డలో చుట్టి, పైన పాత వార్తాపత్రిక కట్టిన ఆ పొట్లాన్ని నా విద్యార్థి ఒకడు స్వయంగా తెచ్చి ఇచ్చేవాడు. అతని ఇంట తరతరాలుగా బిద్రీ పని జరుగుతోంది. మొదటి సంవత్సరం షేర్వానీ గుండీలు వచ్చాయి. రెండవ సంవత్సరం, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే చిన్న బరువు వచ్చింది. మూడవ సంవత్సరం కలాల పెట్టె వచ్చింది. నల్లని లోహం మీద వెండి తీగెలతో పొదిగిన పూలు, ఆకులు. అన్నీ ఆ ఇంటివారి చేతులు చేసినవే.

కలాల పెట్టెను చూడగానే నాకు సంకోచం కలిగింది. అటువంటిదే ఒకటి దుకాణంలో కనిపిస్తే ధర అడిగాను. విన్న తరువాత ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జకాత్ వసూలు చేసుకొని వచ్చిన వ్యక్తి ఒకరు, కొంత సొమ్మును తనకు వచ్చిన కానుకగా పక్కన పెట్టుకున్నప్పుడు, అతను తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని దైవప్రవక్త (స) నిలదీసిన సంఘటనను నేను ప్రతి ఏటా బోధిస్తాను. నేను ఆ బాలుని ఉస్తాద్‌ను కాకపోయి ఉంటే ఈ పెట్టె నా ఇంటికి వచ్చేదా?

దుకాణంలో చెప్పిన ధరను ఒక కవరులో పెట్టి, "ఇది పెట్టె ఖరీదు, మీ నాన్నగారికి ఇవ్వు" అని బాలుని చేతికిచ్చాను. అతను తల వంచుకొని తీసుకున్నాడు. నా బాధ్యత తీరిందని అనుకున్నాను.

ఆ ఏడే అతని చదువు పూర్తయింది. మరుసటి ఈదుల్ ఫిత్ర్‌కు ఫోనులో సలాం వచ్చింది, శుభాకాంక్షలు వచ్చాయి. పొట్లం మాత్రం రాలేదు. నేను కోరుకున్నది అదే కదా! అయినా ఈద్‌గాహ్ నుంచి తిరిగి వచ్చి షేర్వానీ గుండీలు విప్పుతున్నప్పుడు మనసు కలుక్కుమంది. షవ్వాల్ నెలలోనే బీదర్‌కు బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్ళే రహదారి మీద జహీరాబాద్ చేరి, అక్కడ కుడివైపు తిరిగితే బీదర్ దారి. నేల ఎర్రబడుతూ వస్తుంది. ఊరు ఎర్రని జంబిట్టరాతి పీఠభూమి మీద ఉంది. ఇప్పుడు కర్ణాటకలో ఉన్నా, 1956 వరకు బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. బజారులో ఉర్దూ, కన్నడంతో పాటు మన తెలుగు కూడా వినిపిస్తుంది.

నేరుగా వారి ఇంటికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. చౌబారా బురుజు దాటి, కోటకు వెళ్ళే దారిలో ఉన్న మహమూద్ గవాన్ మద్రసా ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వచ్చి బహమనీ సుల్తానులకు మంత్రి అయిన గవాన్ 1472లో దీనిని కట్టించారు. మూడు అంతస్తుల విద్యాలయం. ముందువైపు రెండు మీనార్లలో ఇప్పుడు ఒక్కటే నిలిచి ఉంది. దాని మీద, గోడ మీద నీలం, తెలుపు, పసుపు రంగుల పింగాణీ పలకలు అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. ఖుర్ఆన్ వాక్యాల అక్షరాలు ఇంకా చదవగలిగేటట్టే ఉన్నాయి. ఆ గదుల్లో పాఠాలు చెప్పిన నావంటి ఉస్తాద్‌ల మాటలు గాలిలో కలిసిపోయాయి. పేరు తెలియని పనివారు అతికించిన అక్షరాలు మాత్రం ఐదున్నర శతాబ్దాలుగా ఎండకూ వానకూ నిలిచాయి. చేతిపనికి నేను కట్టిన ఖరీదు గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది.

వారి ఇల్లు ఒక సన్నని సందులో ఉంది. ముందుగదే కార్ఖానా. నా పూర్వ విద్యార్థి ఎదురు వచ్చి సలాం చేశాడు. అతని తండ్రి పని ఆపి లేచి, "రండి మౌలానా సాబ్" అంటూ చాప పరిచారు. టీ వచ్చింది. కవరు ప్రస్తావన ఎవరూ తేలేదు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక పని ఎలా చేస్తారని అడిగాను. ఆయన ముఖం వికసించింది.

బిద్రీ లోహంలో ఎక్కువ భాగం యశదం, కొద్దిగా రాగి. కరిగించి మట్టి అచ్చులో పోస్తారు. ఆకురాయితో నునుపు చేసి మైలుతుత్తం నీళ్ళు పూస్తారు. అప్పుడు పైభాగం నల్లబడి, దాని మీద గీసిన గీత తెల్లగా కనిపిస్తుంది. ఆ గీతల వెంట సన్నని ఉలితో గాడి చెక్కి, వెండి తీగెను గాడిలో ఉంచి సుత్తితో మెల్లగా కొట్టి కూర్చుతారు. మళ్ళీ అంతా అరగదీస్తారు. ఆ దశలో లోహమూ వెండీ ఒకే రంగులో కలిసిపోయి, ఇన్ని రోజుల శ్రమ ఎక్కడ ఉందో కంటికి ఆనదు. చివరగా వస్తువును వేడి చేసి, నవాసాగరం కలిపిన కోట మట్టిని రుద్దుతారు. లోహం శాశ్వతంగా నల్లబడుతుంది. వెండి మాత్రం నల్లబడక మెరుస్తూ బయటపడుతుంది. ఆ మట్టి ఎక్కడిదైనా పనికిరాదు. కోటలో ఎండా వానా తగలని పాత కట్టడాల నుంచి తెచ్చి, నాలుక మీద పెట్టి రుచి చూసి ఎంచుకుంటారు. ఈ కళలో సాధనకు బీదర్ వాసి షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ లభించిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది.

"మీ కలాల పెట్టెకు పోత నేను పోశాను" అన్నారాయన. "పూలు మా తమ్ముడు గీశాడు. గాడి మీ శిష్యుడు చెక్కాడు. అతను ఒంటరిగా చెక్కిన మొదటి పని అదే. వెండి మా అమ్మ కూర్చింది. కంటిచూపు తగ్గిందని పని మానేసిన మనిషి, మనవడికి ఖుర్ఆన్ చదువు చెప్పిన వారికోసమని మళ్ళీ సుత్తి పట్టింది."

ఇక ఆగలేకపోయాను. నా భయం చెప్పాను, హదీసు చెప్పాను, క్షమించమన్నాను. ఆయన కొంతసేపు మౌనంగా ఉండి అన్నారు:

"మీ భయం న్యాయమైనదే, మౌలానా సాబ్. చదువు పూర్తయ్యే వరకు వద్దు అని ఒక్క మాట చెప్పి ఉంటే సంతోషంగా ఆగేవాళ్ళం. వెనక్కి పంపినా అర్థం చేసుకునేవాళ్ళం. మీరు ఖరీదు పంపారు. ఏడాది పొడుగునా మేము అమ్ముకునేవాళ్ళమే. ఈదు ఒక్కరోజు ఇచ్చేవాళ్ళంగా ఉండాలనుకున్నాం. ఆ కవరు మమ్మల్ని మళ్ళీ దుకాణంలో కూర్చోబెట్టింది."

గోడ గూటిలో నుంచి కవరు తీసి నా ముందు పెట్టారు. అంటించింది అంటించినట్టే ఉంది. దానిని తీసుకోవడం నాకు ఇవ్వడం కంటే కష్టమైంది. అయినా తీసుకొని జేబులో పెట్టుకున్నాను.

బోధనలో సగమే నేను గుర్తు పెట్టుకున్నానని అప్పుడు తెలిసింది. అధికారాన్ని చూసి వచ్చే కానుక విషయంలో హెచ్చరించిన దైవప్రవక్తే (స), ప్రేమతో ఇచ్చిన కానుకను స్వీకరించేవారు, బదులుగా తామూ ఏదో ఒకటి ఇచ్చేవారు. చేతి కష్టం విలువ చెబుతూ దావూద్ ప్రవక్త (అ) తన చేతుల సంపాదనే తినేవారని గుర్తు చేశారు. ఖరీదు చెల్లిస్తే లెక్క ముగుస్తుంది. బదులు కానుక ఇస్తే బంధం కొనసాగుతుంది. ఈ తేడా తెలియడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

"నా చేతులతో ఏమీ చేయలేను, అక్షరాలు రాయడం తప్ప" అన్నాను. లోపలి నుంచి ఆ పెద్దావిడ గొంతు వినిపించింది: "అయితే మా మునిమనవరాలికి అలిఫ్, బే రాసి ఇవ్వండి బాబూ. వచ్చే నెల దానికి బిస్మిల్లాహ్ చేయిస్తున్నాం."

రెల్లు కలం, సిరా తెప్పించారు. జుహర్ నుంచి అసర్ వరకు కూర్చొని, అక్షరమాల మొత్తం రాసి ఇచ్చాను. ఐదేళ్ళ ఆ పాప ఒక్కొక్క అక్షరం ఆరే వరకు ఊదుతూ నా పక్కనే కూర్చుంది.

ఈ ఏడు రంజాన్ చివరి పది రోజుల్లో మళ్ళీ పొట్లం వచ్చింది. మెత్తని గుడ్డలో అరచేయంత బిద్రీ పలక. నల్లని పలక నడుమ వెండితో ఒక్క అలిఫ్. అది నేను రాసిందే. నా చేయి కొంచెం వణుకుతుంది కనుక అది ఒక పక్కకు వాలి ఉంటుంది. వారు దానిని సరిచేయలేదు.

ఈసారి నేను ధర విచారించలేదు. పాపకు వాక్యాలు చదవడం వచ్చిందట. కొత్త పాఠం రాస్తున్నాను.