తనకు తానే చాలునా?

పూవును విప్పి చూచినచో అందొక చిన్న సంసారము కానవచ్చును. చుట్టును కేసరములు, వాని కొనలయందు పుప్పొడి. నడుమ అండకోశము, దానిపై సన్నని కీలము. పుప్పొడి రేణువు కీలపు కొనపై పడి, సన్నని గొట్టమువలె లోనికి పెరిగి, అడుగున నున్న అండమును చేరినపుడు గింజ కట్టును. ఉమ్మెత్త, వంగ, మిరప మొదలైన మొక్కలలో ఈ రెండు భాగములును ఒకే పూవునందు దగ్గర దగ్గరగా నుండును. ఇట్టి పూవునకు తేనెటీగతో పని యేమి? తన పుప్పొడిని తానే గ్రహించి గింజ కట్టవచ్చును గదా!

అట్లు చేయు మొక్కలు నిజముగా కలవు. వరి అట్టిది, వేరుసెనగ అట్టిది. కాని లోకమునందలి పూల మొక్కలలో ఇంచుమించు సగము జాతులు తమ పుప్పొడిని తామే త్రోసిపుచ్చును. మరియొక మొక్క పుప్పొడిని ఏ యీగయో, ఏ గాలియో మోసికొని వచ్చువరకు అవి వేచియుండును. రానిచో పూవు వాడి రాలిపోవును, గింజ యుండదు. విస్తరిలో వడ్డించిన అన్నమును విడిచి, వచ్చునో రాదో తెలియని పిలుపునకై కాచుకొన్నట్లున్న ఈ నడవడికి కారణమేమి?

ఈ ప్రశ్నను పట్టుకొని పదునొకండు సంవత్సరములు శ్రమించినవాడు చార్లెస్ డార్విన్. ఇంగ్లండులోని కెంటు సీమలో డౌన్ అను పల్లె ఆయన నివాసము. ఆయన వేరొక విషయమును పరీక్షింపదలచి, లైనేరియా అను పూల మొక్కను రెండు మడులలో పెంచెను. ఒక మడిలోనివి సొంత పుప్పొడివలన కలిగిన గింజలు. రెండవ మడిలోనివి అన్యమొక్కల పుప్పొడివలన కలిగినవి. మొక్కలు ఎదిగిన పిదప చూడగా, రెండవ మడి మొదటిదానికంటె ఎత్తుగాను, పుష్టిగాను ఉండెను. ఒక్క తరములోనే ఇంత భేదము కనబడునని ఆయన తలంపలేదు.

అటుపిమ్మట ఆయన పరీక్షలను క్రమపద్ధతిని సాగించెను. కాశీరత్నమునకు చుట్టమైన మార్నింగ్ గ్లోరీ అను తీగను తెచ్చి, పురుగులు సోకకుండ దానిపై వల కప్పెను. కొన్ని పూలకు వాని పుప్పొడినే అంటించెను. కొన్నింటికి వేరొక తీగ పుప్పొడిని అంటించెను. ఈ రెండు విధములుగా కలిగిన గింజలలో ఒకే సమయమున మొలకెత్తిన వానిని ఏరి, ఒకే కుండీలో ఎదురెదురుగా నాటెను. మన్ను ఒకటే, నీరు ఒకటే, ఎండయు ఒకటే. ఇట్లు పది తరములు పెంచి, ప్రతి తరమునందును తీగల యెత్తును కొలిచెను. పరాయి పుప్పొడివలన పుట్టినవి సగటున నూరు పాళ్లు ఎదుగగా, సొంత పుప్పొడివలన పుట్టినవి డెబ్బదియేడు పాళ్లు మాత్రమే ఎదిగెను. ఈ ఫలితములన్నిటిని 1876లో గ్రంథముగా ప్రకటించెను.

ఆరవ తరములో ఒక వింత జరిగెను. సొంత పుప్పొడివలన పుట్టిన తీగ యొకటి తన యెదుటి తీగను మించి పెరిగెను. డార్విన్ దానికి ‘హీరో’ అని పేరు పెట్టెను. తాను కనుగొన్నదానికి ఎదురు నిలిచినదని దానిని పెరికివేయలేదు. దాని గింజలను వేరుగా దాచి, దాని బిడ్డలను, మనుమలను పెంచి చూచెను. అవియు బలముగనే పెరిగెను. ఆ వృత్తాంతమునంతయు ఏమియు దాచక తన గ్రంథమున వ్రాసెను.

ఈ పరీక్షలు ఆయనకు ఉబుసుపోకకు చేయు తోటపని కాదు. ఆయన 1839లో వివాహమాడిన ఎమ్మా ఆయనకు స్వయముగా మేనమామ కుమార్తె. వారికి పదుగురు సంతానము కలుగగా, ముగ్గురు చిన్నతనముననే మరణించిరి. 1851లో పదియేండ్ల ఆనీ మరణించుట ఆ తండ్రి గుండెను కోసినట్లయ్యెను. దగ్గరి రక్తసంబంధము బిడ్డలకు కీడు చేయునేమో యను శంక ఆయనను విడువలేదు. 1871 జనాభా లెక్కలలో ఇట్టి వివాహములను గూర్చి ఒక ప్రశ్న చేర్పింపవలెనని ఆయన మిత్రుల ద్వారా యత్నించెను. 1870లో పార్లమెంటు అందులకు అంగీకరింపలేదు. మనుష్యుల లెక్క ఆయనకు దొరకలేదు. మొక్కల లెక్కను ఆయన విడువలేదు.

మొక్క తన పుప్పొడిని ఎట్లు గుర్తించును? ఈ సంగతి డార్విన్ కాలమున తెలియలేదు. 1925లో అమెరికాలో ఈస్ట్, మాంగెల్స్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞులు పొగాకు జాతి మొక్కలలో దీని మర్మమును కనిపెట్టిరి. ఆ మొక్కలలో గుర్తింపునకై ఒక జన్యువు కలదు. దానికి అనేక రూపములు కలవు. ఒక్కొక్క మొక్క రెండు రూపములను ధరించును. పుప్పొడి రేణువు ఒక రూపమును మోయును. పూవు ధరించిన గుర్తే పుప్పొడియందును ఉన్నచో, దానికి లోనికి దారి లేదు. 1980 తరువాతి సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున ఎడ్రియన్ క్లార్క్ గారి బృందము ఈ కావలి కాయు మాంసకృత్తును కీలమునందు కనుగొనెను. అది పుప్పొడి గొట్టములోనికి చొచ్చి, దాని పెరుగుదలకు కావలసిన ఆర్.ఎన్.ఏ. అను పదార్థమును ఛేదించును. గొట్టము నడిదారిలోనే ఆగిపోవును.

ఒక్కొక్కప్పుడు ఈ కావలి చెడిపోవును. అపుడు మొక్కకు తన పుప్పొడియే చాలును. ఇందువలన లాభము లేకపోలేదు. క్రొత్త నేలకు ఒక్క గింజ చేరినను వంశము నిలుచును. దూరద్వీపములలో ఇట్టి మొక్కలే తరచుగా నెలకొనునని హెర్బర్ట్ బేకర్ అను శాస్త్రజ్ఞుడు 1955లో వివరించెను. పసిఫిక్ మహాసముద్రమునందలి గలపాగోస్ దీవులలోని అడవి టమాటా అట్టిదే. చార్లెస్ రిక్ అను టమాటా పండితుడు దాని గింజలను పెద్ద తాబేళ్లచేత తినిపించి, వాని కడుపులోనుండి వెలువడిన గింజలు చక్కగా మొలకెత్తుటను 1961లో వెల్లడించెను. తాబేలు విడిచిన చోటున మొలచిన మొక్క ఒంటరిదైనను, అది తోడునకై చూడనక్కరలేదు.

ఇన్ని లాభములుండగా, కావలి గల మొక్కలు ఏల మిగిలియున్నవి? ఈ ప్రశ్నకు టమాటాయు, పొగాకును పుట్టిన వంగ కుటుంబమే సమాధానము చెప్పినది. ఆ కుటుంబమున 2,500కు పైగా జాతులు కలవు. పెటూనియాలోని ఒక గుర్తు, అదే పెటూనియాలోని మరియొక గుర్తు కంటె పొగాకులోని గుర్తునకు ఎక్కువ దగ్గరగా నుండుట 1990లో తెలియవచ్చెను. అనగా ఆ గుర్తులు పెటూనియా, పొగాకు వేరుపడుటకు ముందే పుట్టినవి. మూడుకోట్ల సంవత్సరములకు పైగా తరతరముల చేతులు మారి వచ్చిన పాత సొత్తు అది. ఒకసారి కావలిని పోగొట్టుకొన్న వంశము ఇంత ప్రాచీనమైన గుర్తులను తిరిగి సంపాదింపజాలదు. కావున ఈ కుటుంబమున కావలి పోవుటయే కాని మరల వచ్చుట లేదని ఇగిచ్, బోస్, కోన్ అను శాస్త్రజ్ఞులు 2006లో నిరూపించిరి.

నీరు పోయువారు లేని చిల్లుకుండ ఎన్నడో వట్టిపోవలెను. ఐనను ఈ కుటుంబమున ఇంచుమించు ఐదింట రెండు పాళ్ల జాతులు నేటికిని కావలిని నిలుపుకొనియున్నవి. ఈ కుండను నింపుచున్నదెవరు?

సొంత పుప్పొడిపై ఆధారపడుట ముందుకు సాగని సందు వంటిదని లెడియార్డ్ స్టెబ్బిన్స్ 1957లోనే హెచ్చరించెను. 2010లో గోల్డ్‌బర్గ్, ఇగిచ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ మాటను లెక్కకు పెట్టిరి. వంగ కుటుంబపు వంశవృక్షమును తీసికొని, ఏ శాఖలో క్రొత్త జాతులు ఎంత వేగముగ పుట్టినవో, ఎంత వేగముగ నశించినవో గణించిరి. కావలి పోయిన శాఖలలో పుట్టుకలు ఎక్కువ; కాని నాశము అంతకంటెను చాల ఎక్కువ. కావలి గల శాఖలలో పుట్టుకలు తక్కువైనను, నాశము మరింత తక్కువ. అందుచేత జాతులు మొత్తముమీద పెరుగుచునే వచ్చినవి. చిల్లుకుండ నిండియుండుటకు కారణమిదియే.

నాశమునకు హేతువును ఊహించుట కష్టము కాదు. సొంత పుప్పొడితోనే తరతరములు గడచినచో సంతతియందు వైవిధ్యము తగ్గును. దాగియున్న లోపములు బయటపడును. వాతావరణము మారినపుడో, క్రొత్త తెగులు వచ్చినపుడో, దానిని తట్టుకొను మొక్క యొకటైనను ఆ గుంపులో ఉండకపోవచ్చును. రైతు పండించు టమాటా తన పుప్పొడినే గ్రహించును. దాని వేళ్లపై బుడిపెలు పుట్టించు నులిపురుగులను ఎదుర్కొను శక్తి దానికి లేకపోయెను. ఆ శక్తి దక్షిణ అమెరికాలోని పెరూవియానమ్ అను అడవి టమాటాలో దొరకెను. అది సొంత పుప్పొడిని అంగీకరింపని జాతి. 1944లో అమెరికాలో ఈ రెండింటిని సంకరించి, లేత పిండమును గింజనుండి వేరుచేసి గాజుపాత్రలో పెంచి, ఆ గుణమును టమాటాకు తెచ్చిరి. పరాయి పుప్పొడికై వేచియుండిన మొక్క దాచిన ధనము, తనకు తానే చాలుననుకొన్న మొక్కను కాపాడెను.

ఇంతమాత్రమున వరిని, వేరుసెనగను నిందింపరాదు. వానికి రైతు కావలి యున్నాడు. వేలకొలది వరి వంగడములను వేరువేరుగా విత్తి, దాచి, మార్చుకొనుచు, పూవు చేయని పనిని రైతులు తమ చేతులతో చేసిరి. ఒక వంగడము తెగులునకు లొంగినచో మరియొకటి నిలిచెను. ఆ వంగడములను పోగొట్టుకొనిననాడు వరియు ఒంటరిదగును.

డౌన్ పల్లెలోని కుండీలో హీరో గెలిచినది. ఆ గెలుపు అబద్ధము కాదు. కాని డార్విన్ దాని బిడ్డలకు పరస్పరము పుప్పొడి మార్చి చూచినపుడు, ఆ మార్పువలన వానికి మేలేమియు కలుగలేదు. ఒక్క తల్లి బిడ్డలగుటచే, ఒకరికొకరు ఇచ్చుకొనుటకు వాని వద్ద క్రొత్తది లేకపోయెను.