వేంపల్లె బండల్లో పాచి

వేంపల్లె నుంచి గండి దారి పట్టాం. పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే ఆ చోట గుట్టలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. 1872లో విలియం కింగ్ కడప శిలల మీద సర్వే గ్రంథం రాసినప్పటి నుంచీ ఇక్కడి డోలమైట్‌కు వేంపల్లె పేరే స్థిరపడింది.

వెంట వచ్చిన మిత్రుడు భూగర్భశాస్త్రం పాఠాలు చెబుతాడు. గుట్ట వాలులో ఒక బూడిదరంగు బండ దగ్గర ఆగాడు. పైన ఏనుగు తోలులా ముడతలు. వాటి మధ్య జానెడేసి వలయాలు, ఒకదానిలో ఒకటి. బండ పగిలిన పక్కన చూస్తే అవే వలయాలు ఒకదానిపై ఒకటి బోర్లించిన వంపులు. నడుమ నల్లటి చెకుముకి గీతలు గోటికి తగులుతున్నాయి. వానకు డోలమైట్ అరిగింది, చెకుముకి అరగలేదు. మిత్రుడు యాసిడ్ చుక్క వేస్తే రాయి ఉలకలేదు. కత్తితో గీకి, ఆ పొడి మీద వేస్తే అప్పుడు నురగ వచ్చింది. మామూలు సున్నపురాయైతే వేయగానే పొంగేదట.

ఈ వలయాలు స్ట్రొమటోలైట్లు. ఒకప్పుడు ఇక్కడ లోతులేని సముద్రం. అడుగున సైనోబాక్టీరియా అనే పాచి జిగురు పొరలా పరుచుకునేది. దానిమీద ఒండ్రు పడితే వెలుతురు కోసం పైకి పాకి మళ్లీ పరుచుకునేది. ఎముకలు, గుల్లలు ఇంకా పుట్టని కాలం. ఈ పొరలకు పైనున్న తాడిపత్రి శిలల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిలకే 188 కోట్ల ఏళ్లు. కిందనున్న ఈ బండ అంతకన్నా పాతది.

మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగి అడిగాడు. "ఏం ఎతకతాండారు సార్? ముగ్గురాయా, రాతినారా?"

ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? మంగంపేటలో ముగ్గురాయి, పులివెందుల వైపు రాతినార తవ్వారు. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నదీ ఈ డోలమైట్‌లోనే.

"పాచి పెద్దయ్యా, రాయైపోయిన పాచి. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు మొదట ఇట్లాంటి పాచి నుంచే వచ్చింది."

"దానికి రేటెంత సార్?"

నవ్వాం గానీ, ప్రశ్న గట్టిదే. రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ దగ్గర భోజుందలో ఇలాంటి బండల్నే జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్నారు. మేం చూసిన బండ దగ్గర బోర్డయినా లేదు. రేటు లేకపోబట్టే ఇది ఇన్నాళ్లు మిగిలిందేమో. కంకర మిషనుకు మాత్రం ఏ రాయైనా ఒకటే.