చదునైన బాటకు కుదుపుల లెక్క

పై ఊళ్లనుంచి హైదరాబాదు వచ్చిన చుట్టాలకు చార్మినారు, గోలకొండ చూపించిన తరువాత కూడా మూడో కోరిక ఒకటి మిగిలే ఉంటుంది. "ఫిలింనగరు తీసుకువెళ్లరూ?" అంటారు. తీసుకువెడితే చూసేదేమున్నది? ఎత్తయిన ప్రహరీగోడలు, మూసిన గేట్లు, గేటు ముందు కాపలావాడు. తారలు మాత్రం కనిపించరు. కాని ఆ ప్రయాణంలో ప్రతివారికీ తప్పకుండా దక్కేది ఒకటి ఉన్నది. అది కుదుపు! జూబిలీ హిల్సు చెక్‌పోస్టు దగ్గర బయలుదేరి ఫిలింనగరు మీదుగా షేకుపేట వైపు దిగేసరికి ఎన్ని ఎత్తులు, ఎన్ని పల్లాలు, ఎన్ని వంపులు! ఆటో దిగి నడుము సవరించుకోని చుట్టాన్ని నేనింతవరకూ చూడలేదు.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇవి సుమారు 250 కోట్ల ఏండ్ల వయస్సున్న గ్రానైటు గుట్టలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ చేరువనే బంజారా హిల్సులో అన్నపూర్ణ స్టూడియో నెలకొల్పారు. తరువాత ఇటు పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. మద్రాసునుంచి చిత్రపరిశ్రమ క్రమంగా తరలివచ్చింది. బండలు పగలగొట్టి రోడ్లు వేశారేగాని, గుట్ట గుణం ఎక్కడికి పోతుంది? ఆ గుట్టల అసలు స్వరూపం చూడదలచినవారు 1998లో జాతీయవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో ఒక ఉదయం తిరిగి రావచ్చు.

ఇంతకూ తెలుగు పాఠం చెప్పుకునే నేను కుదుపుల ప్రసంగం ఎత్తుకోవటానికి కారణం మా అక్కయ్య కొడుకు. వాడు ఫిలింనగరులో ఒక కెమెరా యూనిట్‌లో సహాయకుడు. అక్కడ క్వాడ్ బైకు అనే బండితో వాడికి పరిచయమైంది. నాలుగు లావుపాటి చక్రాలు, మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిలు, గుర్రమెక్కినట్టు కూర్చునే సీటు. దానిమీద కెమెరా బిగించి, పరుగెత్తే నటుడి పక్కన నేలబారుగా పోనిస్తారు. మావాడు అంతటితో ఊరుకోక, పాతది ఒకటి కొని, ఆదివారాలు ఊరిచివర మట్టినేలమీద గుండ్రంగా తిప్పటం మొదలుపెట్టాడు. ఈ పందేనికి ఫ్లాట్ ట్రాక్ అని పేరు. పుట్టిల్లు అమెరికా. అక్కడ గుర్రపుపందేల మైదానాలలాంటి కోడిగుడ్డు ఆకారపు మట్టిబాటలమీద మొదట మోటారు సైకిళ్లు, తరువాత ఈ క్వాడ్లూ తిరిగాయి. తిరగటం ఎప్పుడూ ఎడమవైపుకే.

ఒక ఆదివారం మలుపులో లోపలివైపు ముందుచక్రం జానెడు పైకి లేచింది. బండి బోర్లపడలేదు గాని, చూస్తూ నిలబడ్డ అక్కయ్య ప్రాణం మాత్రం పైకే పోయింది. "షాక్ అబ్జార్బర్లు పాతవి మామయ్యా! విదేశపు జత వేయిస్తే అంతా సరిపోతుంది" అన్నాడు వాడు. ఆ జత ఖరీదు వాడి నాలుగు నెలల జీతం. "నువ్వొకసారి వెళ్లి చూడరా తమ్ముడూ" అన్నది అక్కయ్య.

ఆ భయం ఉత్తది కాదు. క్వాడ్లకంటె ముందు మూడు చక్రాల బండ్లు వచ్చాయి. 1970లో హోండావారు వాటిని అమెరికాలో అమ్మకానికి పెట్టారు. అవి బోర్లపడి ఎందరో దెబ్బలు తిన్నారు, ప్రాణాలూ పోయాయి. చివరకు 1988లో కంపెనీలు అమెరికా ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకుని వాటి అమ్మకం మానుకున్నాయి. నాలుగు చక్రాలున్నంతమాత్రాన ఆ గండం పూర్తిగా గడిచిందనుకోరాదు.

కృష్ణానగర్‌లో మావాడికి తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "స్ప్రింగు రింగు ఎవరు బిగించిన్రు?" అని అడిగాడు.

"నేనే. మలుపులో ఒరుగుతోందని గట్టిగా బిగించాను" అన్నాడు మావాడు.

ఉస్తాద్ నవ్వాడు. "రింగు బిగిస్తే స్ప్రింగు గట్టిపడదు బాబూ. బండి ఎత్తయితది. ఎత్తయిన బండి ఇంక జల్ది పడ్తది."

పాఠకులు అడగవచ్చు: బాటే చదునైనప్పుడు కుదుపుల గొడవ ఎందుకని. నేనూ అదే అడిగాను. ఆయన చెప్పినది నాకర్థమైనంతవరకు ఇది. గుట్టలమీద కుదుపు నేలలోనుంచి వస్తుంది. చదునుబాటలో మలుపులోనుంచి వస్తుంది. బస్సు జోరుగా ఎడమకు తిరిగితే మనం కుడివైపు ఒరగటం లేదా? అలాగే బండి బరువంతా కుడివైపు ముందుచక్రంమీద పడుతుంది. అక్కడి స్ప్రింగు మెత్తనైతే అది కుంగిపోయి, ఎడమచక్రం లేస్తుంది. మరీ గట్టిదైతే ముందుచక్రాలు పట్టు తప్పి బయటికి జారుతాయి. హ్యాండిలు తిప్పినా బండి తిరగదు. అందుకే కొందరు కుడివైపు స్ప్రింగు ఒకింత గట్టిది వేస్తారు.

గంతుల పందెం బండికి ముందుచక్రం సుమారు 10 అంగుళాలు పైకీ కిందికీ ఆడాలి. చదునుబాటలో గంతులు లేవు గనుక అంత ఆట అక్కరలేదు. పొట్టి షాకులు వేసి బండిని నేలకు దించుతారు, చక్రాల మధ్య వెడల్పు పెంచుతారు. మావాడి బండికున్నవి గంతులకోసం చేసిన పొడుగు షాకులు. వాడు తెప్పించబోయే జత కూడా, ఎంత పేరున్నదైనా, ఆ జాతిదే!

"షాకుల రెండు పనులుంటయ్ సార్" అన్నాడు ఉస్తాద్. "స్ప్రింగు బరువు మోస్తది, నూనె దూకుడు ఆపుతది. రెండూ ఒకటే అనుకుంటే పైసలు పోతయ్." నొక్కుకున్న స్ప్రింగు ఊరికే వదిలితే బంతిలా ఎగురుతుంది. లోపలి నూనె సన్నని రంధ్రాలగుండా పోతూ ఆ విసురును వేడిగా మారుస్తుంది. పందెం కాగానే షాకును ముట్టుకుంటే కాలేది అందుకే. నూనె నురుగెత్తకుండా మంచి షాకుల్లో నైట్రోజన్ వాయువు ఒత్తిడిలో నింపుతారు.

మరొక లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. షాకు చక్రానికి తగిలి ఉండదు. చక్రాన్ని మోసే కమ్మీకి మధ్యలో ఉంటుంది. చక్రం 2 అంగుళాలు లేచినప్పుడు స్ప్రింగు 1 అంగుళమే నొక్కుకుంటే, చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం సగం కాదు, నాలుగో వంతే తెలుస్తుంది. కనుక పక్కవాడి బండికి సరిపోయిన స్ప్రింగు మన బండికి సరిపోతుందన్న హామీ లేదు.

ఆ పూట ఉస్తాద్ ముందుగా రెండు ముందుటైర్ల గాలి సమం చేశాడు. మావాణ్ణి హెల్మెట్‌తో, బూట్లతో సహా కాటా ఎక్కించాడు, 82 కిలోలు. ఈ బండి అంతకుముందు బక్కపలచని కుర్రవాడిదట! రింగులు వదులు చేసి, వాడు కూర్చున్నప్పుడు బండి ఎంత కుంగుతున్నదో టేపుతో కొలిచి, వాడి బరువుకు తగిన స్ప్రింగులు వేశాడు. షాకులు విప్పి, లోపల అడ్డుముక్కలు పెట్టి పొడుగు తగ్గించాడు, నూనె మార్చాడు. మర స్క్రూ పూర్తిగా బిగించి, ఎన్ని టిక్కులు వెనక్కి తిప్పాడో మావాడిచేత నోటుపుస్తకంలో రాయించాడు. "ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడగొట్టిందో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. మా కాలేజీలో పరిశోధన చేసే విద్యార్థులకు నేనీ మాటే చెప్పవలసి ఉన్నది.

తరువాతి ఆదివారం నేనూ వెళ్లాను. ఎడమచక్రం నేల విడవలేదు గాని, మలుపు మధ్యలో ముందుభాగం బయటికి జారుతున్నది. మావాడు బండి ఆపి, కుడి షాకు స్క్రూ రెండు టిక్కులు వదులు చేసి, రాసుకుని, మళ్లీ వెళ్లాడు. ఈసారి చక్రాల జాడ మలుపు పొడుగునా ఒకే గీతలా పడింది. అయిన ఖర్చు వాడి జీతంలో పదిరోజుల పాటి. మిగిలిన డబ్బులో అక్కయ్య మొదట కొనిపించినది మెడకూ, వెన్నెముకకూ రక్షణకవచాలు.

ఒక్కమాట చెప్పి ముగిస్తాను. పందెపు క్వాడ్‌కు వెనుకచక్రాలు రెండూ ఒకే ఇరుసుమీద కలిసి తిరుగుతాయి. మట్టిలో అవి జారుతాయి గనుకనే బండి సులువుగా మలుపు తిరుగుతుంది. తారురోడ్డు వాటిని జారనివ్వదు. దుర్గంచెరువు వంతెన 2020లో తెరిచిన తరువాత జూబిలీ హిల్సు 45వ నంబరు రోడ్డు రాత్రిపూట కుర్రకారును మరీ ఊరిస్తున్నది. సరదాగా అక్కడికి తీసుకుపోదామన్న స్నేహితుడికి మావాడు, "ఈ బండి నేల వేరు" అని చెప్పి పంపించాడట. షాకులు సరిపడ్డాయన్న మాటకంటె ఈ మాటే మా అక్కయ్యకు నిద్ర పట్టించింది.