దిలుసుఖ్‌నగరమునుండి ఎల్.బి. నగరమునకు

ఈ దారిని మెట్రోరైలు 2018 సెప్టెంబరునుండి నడుచుచున్నది. అయినను మేము మా యమ్మను స్కూటరు వెనుకఁ గూర్చుండఁబెట్టుకొని, రైలుకంబముల క్రిందనే పోయితిమి. చైతన్యపురి దాటులోపల ప్రతి గతుకునకును “అబ్బా, నడుము!” అని యామె మూలుగుచుండెను.

ఎల్.బి. నగరమున నొక మరమ్మతు దుకాణముకడ బండి నాపితిమి. అచ్చట నొక యువకుఁడు తన నాలుగుచక్రముల క్వాడ్‌బండికి గట్టి స్ప్రింగులు వేయించుకొనుచుండెను, ఇసుకతిన్నెలమీఁద నడుపుటకఁట! బండి యెగిరిపడునపుడు స్ప్రింగు బరువును మోయును. అది మరల త్రుళ్లిపడకుండ గొట్టములోని నూనె సన్నని రంధ్రములగుండ మెల్లగాఁ బోవుచు నాపును.

మాకును గట్టి స్ప్రింగులపై నాశ కలిగినది. మేస్త్రి నవ్వి, “అమ్మ బక్కగున్నరు. గట్టి స్ప్రింగేస్తే అది అణగదు, దెబ్బంతా నడుముకే. మీ దాంట్ల నూనె కారిపోయింది మేడమ్, అంతే” యని వెనుక కడ్డీపై జిడ్డు చూపెను. సోదరీమణులారా, ఆ జిడ్డును మేము నెలలతరబడి గుడ్డతోఁ దుడిచితిమే కాని, యెక్కడిదని యడుగలేదు!

పాతరకపు షాక్ అబ్జార్బరునే క్రొత్తది వేయించితిమి. తిరుగుదారిని దిలుసుఖ్‌నగరపు సాయిబాబా గుడివఱకు అమ్మ నడుము మాట యెత్తలేదు. మల్లెలు మూర యెంతయో యడుగుమన్నది.