ఎందుకు నడిచారని అడిగితే

స్పెయిన్ దేశానికి వాయవ్య మూలన శాంటియాగో ద కంపోస్టెలా అనే ఊళ్ళో యాత్రికుల కార్యాలయం ఒకటుంది. మోకాళ్ళకు పట్టీలు, కమిలిన మెడలు, వీపున సంచులతో వందల కిలోమీటర్లు నడిచి వచ్చినవాళ్ళు అక్కడ వరసలో నిలబడతారు. దారి పొడవునా సత్రాల్లో, చర్చిల్లో, కాఫీ కొట్లలో ముద్రలు వేయించుకున్న కాగితం చూపిస్తే, నడిచినట్టు లాటిన్‌లో ఒక పత్రం ఇస్తారు. ఇచ్చేముందు ఎందుకు నడిచారో చెప్పమంటారు. భక్తితోనా, భక్తితోపాటు మరో కారణమూ ఉందా, భక్తితో పనే లేదా? ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. మూడోది ఎంచుకున్నవాళ్ళకిచ్చే పత్రం వేరు.

2024లో ఆ వరసలో నిలబడి పత్రం తీసుకున్నవాళ్ళు దాదాపు 5 లక్షలమంది. 1980ల మధ్యలో ఏడాది మొత్తానికి రెండు మూడు వేలమంది వస్తే గొప్ప. ఐరోపాలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఏటికేడు తగ్గుతూ వచ్చింది కూడా ఈ నలభై ఏళ్ళలోనే. గుడికి పోవడం మానేసిన జనం గుడిదారి పట్టారన్నమాట. అయితే వాళ్ళకు కావలసింది గుడి కాదు, దారే అయివుండాలి.

ఇంతమంది నడక ఎందుకు పట్టారని ఎవరినడిగినా ఒకే పాఠం అప్పజెబుతారు. ఆఫీసు ఒత్తిడి, ఫోను బెడద, పచ్చటి ప్రకృతి, గుండెకు మేలు. నాకు నమ్మకం కుదరదు. గుండెకు మేలైతే కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగినా కలుగుతుంది, విశాఖ బీచ్ రోడ్డులో అయితే గాలి కూడా బాగుంటుంది. నెలరోజులు సెలవు పెట్టి, బొబ్బలెక్కిన కాళ్ళతో, ఇరవైమంది గురకల మధ్య పడుకోవలసిన పని లేదు. ప్రకృతి మాటా అంతే. ఆ దారిలో బుర్గోస్ నుంచి లియోన్ దాకా మెసెటా అనే పీఠభూమి వస్తుంది. చెట్టు నీడ లేదు, మలుపు లేదు, రోజుల తరబడి గోధుమ చేలు. కొందరు ఆ ముక్క బస్సులో దాటేస్తారు. దాటకుండా నడిచినవాళ్ళు ఇంటికొచ్చాక కొండల కన్నా ఎక్కువగా దాని గురించే చెబుతారు.

నా లెక్కలో ఈ కథ ఒక రంగు డబ్బాతో మొదలైంది. ఆ దారిలో ఒ సెబ్రేరో అనే కొండ ఊరికి ఎలియాస్ వలీన్యా అని ఒక పాదిరీ ఉండేవాడు. పాత యాత్రామార్గం చరిత్ర మీదే డాక్టరేటు చేసిన మనిషి. మధ్యయుగంలో కిటకిటలాడిన దారి ముళ్ళకంపలు కమ్మి, చేలల్లో కలిసిపోయి, ఎటు పోవాలో స్థానికులకే తెలియకుండా ఉండేది. 1984లో ఆయన రోడ్ల పనిలో మిగిలిపోయిన పసుపు రంగు డబ్బాలు పోగేసుకుని, తన సిట్రోయెన్ కారు వేసుకుని, చెట్ల మీద, గోడల మీద, రాళ్ళ మీద బాణం గుర్తులు గీసుకుంటూ బయల్దేరాడు. సరిహద్దు కొండల్లో పోలీసులు ఆపి ఏం చేస్తున్నావంటే, ఫ్రాన్సు నుంచి పెద్ద దండయాత్రకు ఏర్పాట్లు చేస్తున్నానన్నాడని చెప్పుకుంటారు. నిజమో కల్పనో గానీ దండు మాత్రం వచ్చింది. ఆయన 1989లోనే పోయాడు.

అక్కడ ఈ బాణం చేసే పని ఏమిటంటే, మనిషి నెత్తిన ఉన్న బరువుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని దించేస్తుంది. ఎటు పోవాలో తేల్చుకునే బరువు. మన రోజంతా తేల్చుకోవడంతోనే గడుస్తుంది కదా. రాత్రి భోజనం తెప్పించుకోవడానికి ఫోనులో అరగంట వేలు ఆడించి, చివరికి మొన్న తెప్పించిందే తెప్పిస్తాం. పిల్లాణ్ణి ఏ కోచింగులో వేయాలి, అప్పు ఇప్పుడే తీర్చేయాలా ఫండ్లలో పెట్టాలా, పెద్దాయన మోకాలికి ఆపరేషనా మందులా. ఈ దేశంలో ఉండాలా ఆ దేశానికి పోవాలా అన్నది మరీ పెద్ద ప్రశ్న. బాణం ముందు నిలబడ్డవాడికి ఇవేవీ లేవు. పొద్దున లేస్తే అటు నడవాలి, ఆకలేస్తే తినాలి, సత్రం వస్తే ఆగాలి. స్వేచ్ఛ కోసం నడుస్తున్నామని జనం అంటుంటారు గానీ, ఇంత గట్టిగా కట్టేసిన రోజు నాకింకొకటి కనబడదు. సుఖం ఆ కట్టులోనే ఉందనుకుంటాను.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు ఫ్రాన్సు సరిహద్దు నుంచి దాదాపు 800 కిలోమీటర్ల ఆ దారి అంతా నడిచొచ్చారు. ఎలా ఉందండీ అంటే, “ఉద్యోగమంతా జనం నన్ను ఏదో ఒకటి తేల్చమనే అడిగారండీ. అక్కడ నన్నడిగింది ఒక్కటే, కింద మంచమా పైమంచమా అని” అన్నారు. పైమంచానికి ఎక్కలేక కింద మంచమే అడిగేవారట.

అమెరికావాళ్ళది ఇంకా పొడుగు కథ. జార్జియాలో స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్‌లో కటాడిన్ కొండ దాకా, 14 రాష్ట్రాల మీదుగా అపలాచియన్ ట్రెయిల్ దాదాపు 3,500 కిలోమీటర్లు పోతుంది. అక్కడ పసుపు బాణానికి బదులు చెట్ల మీద తెల్లటి పట్టీ, 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు. ఈ దారి ఉండాలని బెంటన్ మకై అనే అడవి శాఖ మనిషి 1921లో ఒక వాస్తుశిల్పుల పత్రికలో వ్యాసం రాశాడు. యంత్రాల పట్నాల్లో నలిగిపోతున్నవాళ్ళకు ఊపిరి తీసుకునే చోటు కావాలన్నది ఆయన వాదం. ఆ ఏడాది వసంతంలోనే ఆయన భార్య ఆత్మహత్య చేసుకుంది. ఆ సంగతి తెలిసి చదివితే, అది అడవుల గురించి రాసిన వ్యాసంలా మాత్రమే కనిపించదు. సెల్‌ఫోను పుట్టడానికి చాలాముందే, కంప్యూటరు ఊసే లేనప్పుడే, మనిషి ఉక్కిరిబిక్కిరై దారి అడిగాడు. కాబట్టి నింద అంతా ఫోను మీద వేయడం న్యాయం కాదు.

1937 నాటికి దారి పూర్తయింది. పూర్తయ్యాక కూడా ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క విడతలో ఎవరూ నడవగలరనుకోలేదు. 1948లో ఎర్ల్ షాఫర్ అనే కుర్రాడు నడిచి చూపించాడు. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, తనతో కలిసి ఈ కొండల్లో నడవాలనుకున్న చిన్ననాటి స్నేహితుణ్ణి ఇవో జిమాలో పోగొట్టుకున్నవాడు. ఇక 1955లో నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ సంగతి నేను ఎందరికి చెప్పానో లెక్కలేదు. 67 ఏళ్ళ వయసు, 11మంది బిడ్డల తల్లి, ఒహాయోలో పల్లెటూరి మనిషి. మొగుడు ఏళ్ళ తరబడి కొట్టిన దెబ్బలు తిని, చివరికి విడాకులు తీసుకుంది. పిల్లలతో అలా నడిచొస్తానని మాత్రమే చెప్పి, తను కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లతో బయల్దేరింది. గుడారం లేదు, వానకు ప్లాస్టిక్ తెర ఒకటి. మొత్తం దారి ఒంటరిగా నడిచిన మొదటి ఆడది ఆమే. తర్వాత మళ్ళీ నడిచింది కూడా. ఇవాళ వేల రూపాయలు పోసి గ్రాముల లెక్కన తేలికైన సామాను కొనేవాళ్ళు ఆవిడ సంచిని తలచుకోవడం మంచిది.

ఆ దారిలో నడిచేవాళ్ళు సొంత పేర్లు పక్కన పెట్టి, తోటివాళ్ళు పెట్టిన పేరుతో తిరుగుతారు. ఏదో తెలివితక్కువ పని చేస్తే అదే పేరైపోతుంది. ఐదారు నెలలు నువ్వెంత సంపాదిస్తావో, ఏ కాలేజీలో చదివావో ఎవరికీ అక్కర్లేదు. మొత్తం దారి నడవాలని ఏటా మూడు వేలమందికి పైనే బయల్దేరితే, నాలుగోవంతు మందే కొసకు చేరతారు. ఎడిసన్‌లో ఉండే మా మేనకోడలు, వాళ్ళ అపార్టుమెంటు తెలుగువాళ్ళు శనివారాలు పులిహోర డబ్బాలు కట్టుకుని డెలావేర్ వాటర్ గ్యాప్ కొండెక్కి వస్తుంటారు. న్యూజెర్సీలో ఆ ట్రెయిల్ ముక్క మొదలయ్యేది అక్కడే. తెల్లపట్టీ పక్కన ఫొటో పంపి, “ఇట్నుంచిటే మెయిన్ దాకా వెళ్ళిపోవచ్చట మామయ్యా, వీసా స్టాంపింగ్ గోల లేకపోతే” అని రాసింది.

మన దగ్గర నడక ఎన్నడూ తగ్గింది లేదు. పాదయాత్ర అనగానే ఎన్నికలు ఎన్నాళ్ళున్నాయో లెక్కపెట్టడం 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సాగిన నడక తర్వాత మనకు అలవాటైంది గానీ, నేననేది అది కాదు. తిరుమలకు అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. బస్సు ఇంకా తొందరగా కొండ చేరుస్తుందని తెలిసీ రోజూ వేలమంది మెట్లకు పసుపు కుంకుమలు పెట్టుకుంటూ ఎక్కుతారు. ఉగాదికి ముందు చూడండి, ఉత్తర కర్ణాటక పల్లెల నుంచి జనం జట్లు జట్లుగా నల్లమలలో పడి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరతారు. అక్కడి అమ్మవారు భ్రమరాంబ వాళ్ళింటి ఆడపడుచు. దారిలో ఊళ్ళవాళ్ళు మజ్జిగ, అన్నం పెడతారు, కాళ్ళకు నూనె రాస్తారు. ముందు నడిచే గుంపే వాళ్ళకు బాణం.

కామినోలో, అంటే ఆ శాంటియాగో దారిలో, ఇప్పుడొక జగడం నడుస్తోంది. సంచిని వ్యానులో ముందు ఊరికి పంపించేసి చేతులూపుకుంటూ నడిచేవాడు యాత్రికుడేనా, చివరి 100 కిలోమీటర్లు నడిస్తే పత్రం ఇస్తారు గనక సారియా దగ్గర దిగి అక్కణ్ణుంచి మొదలుపెట్టేవాడు యాత్రికుడేనా అని. అలిపిరిలో సామాను దేవస్థానమే కొండమీదికి చేర్చిపెడుతుంది, పుణ్యంలో కోత పడుతుందని ఎవరూ అనగా వినలేదు. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకన్నా ఉదారులం.

మనకు లేనిది మొక్కు లేనివాడి దారి. కొరియాలో సో మ్యంగ్ సుక్ అనే ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా పత్రికల్లో పనిచేసి, విసిగి, ఉద్యోగం వదిలేసి 2006లో కామినో నడిచింది. తిరిగొచ్చి, పుట్టిన జేజు దీవిలో మర్నాటి ఏడాదే ఒక దారి తెరిచింది. నీలం, నారింజ రంగుల రిబ్బన్లు చెట్లకు కట్టుకుంటూ పోయింది, ఇవాళ దీవి చుట్టూ 400 కిలోమీటర్లకు పైగా నడవొచ్చు. అందులో కొత్తగా వేసిన రోడ్డు తక్కువ, పొలంగట్లు, ఊరి సందులు, సముద్రపు ఒడ్డే ఎక్కువ.

నల్లమలలో ఆ పని కుదరదు, అది పులుల అభయారణ్యం, పండగ రోజుల్లో తప్ప అడవి శాఖ వదలదు, వదలకపోవడమే మంచిది. కానీ కాలువగట్లు ఉన్నాయి. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ ఒకదాని కొసకు ఒకటి పెట్టుకుంటే కాకినాడ నుంచి తమిళనాడులోకి దింపే దారి అది, ఇంచుమించు కామినో అంత పొడవు. ఒకప్పుడు పడవల మీద ధాన్యం, ఉప్పు, మనుషులు వెళ్ళిన దారే. కొన్నిచోట్ల గట్టు మీద తారు రోడ్డు పడింది, కొన్నిచోట్ల ఆక్రమణలు, పట్నాల దగ్గర ముక్కు మూసుకోవాలి. బకింగ్‌హామ్ వైపు నీడ తక్కువ, సంక్రాంతి వెళ్ళగానే బయల్దేరితే ఎండలు ముదిరేలోపు దాటేయొచ్చు. పడకకు సత్రాలు లేవు గనక ఊరి బడి వరండాయో గుడి మండపమో అడగాలి. టిఫినుకు మాత్రం నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు, దుగ్గిరాల, ఎక్కడా లోటుండదు.