పాత కంప్యూటరు, పాత కరెంటు

పాత కంప్యూటరు ఒకటి ఇంకా పనిచేస్తున్నదని తెలిస్తే, చూడవచ్చినవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. ప్రాసెసరు ఏది, మెమరీ ఎంత, హార్డుడిస్కు ఎంత, అందులో ఏ విండోస్ ఉంది. పెట్టె వెనకభాగాన ఒక మూల, పంకా ఒకటి తగిలించుకొని దుమ్ము పట్టి కూర్చున్న రేకుడబ్బా గురించి మాత్రం ఎవరూ అడగరు. మన మెకానిక్కులు దాన్ని ఎస్సెంపీయెస్ అంటారు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరు జీర్ణించుకోగలిగే కరెంటుగా మార్చేది అదే. పాతికేళ్ళు దాటిన యంత్రంలో అందరికంటే ముందు ముసలిదయ్యేదీ అదే. పోతూపోతూ తక్కినవాటిని తన వెంట తీసుకుపోగలిగేదీ అదే. ఈ టపా దాని గురించి.

జహీరాబాదులో మా ఇంట్లో 1998 నాటి పెంటియం యంత్రం ఒకటుంది. మా మేనమామ డీటీపీ పని కోసం కొన్నది. పగలు పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. గిరాకీ లేని రాత్రుళ్ళు మాత్రం ఆయన తన సొంతపని చేసుకునేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు పాడుకొనే కలుపుపాటలు, విసుర్రాయి పాటలు, సామెతలు, విత్తనాల పేర్లు, కొలతల పేర్లు విని రాసుకొచ్చి టైపు చేసేవాడు. అటు కన్నడమూ ఇటు ఉర్దూ కలిసి ఒరుసుకొనే మా సరిహద్దు తెలుగు అది. సుమారు రెండువందల పుటలు పోగయ్యాయి. ఆయన 2011లో కాలం చేశారు. ఆ పాటలు పాడిన ముసలమ్మల్లో చాలామంది అంతకుముందే వెళ్ళిపోయారు.

డిస్కులోని ఫైళ్ళన్నీ ఎప్పుడో నకలు తీసి భద్రపరిచాను. మరి యంత్రంతో పనేమిటని మీరడగవచ్చు. తొలినాళ్ళలో తెలుగు బ్లాగులు మొదలుపెట్టినవారికి ఈ జవాబు సగంలోనే అర్థమవుతుంది. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి ఖతి వచ్చేదాకా మామూలు వాడుకరికి అది అందలేదు. అంతవరకూ ఏ డీటీపీ సాఫ్టువేరు ఖతి దానిదే, ఏ సంకేతాలు వాటివే. మామ వాడిన సాఫ్టువేరు, ప్రింటరు తగిలించే రంధ్రంలో ఒక తాళపుబిళ్ళ గుచ్చితే తప్ప తెరుచుకోదు. ఆ పుటలను యూనికోడులోకి మార్చే సాధనం నూటికి తొంభై పాళ్ళు సరిగానే మారుస్తుంది. మిగిలిన చోట్ల ఒత్తులు రాలిపోతాయి. ‘అడ్డెడు జొన్నలు’ అన్నది ‘అడెడు జొన్నలు’ అవుతుంది. ‘అడ్డెడు’ నాకు తెలుసు కనుక దిద్దగలను. కానీ నిఘంటువుకెక్కని మాటలు, నేనెన్నడూ విననివి, ఆ పాటల్లో ఎన్నో ఉన్నాయి. వాటిని ఊహించి దిద్దడమంటే ఆ ముసలమ్మల నోట నా మాట పెట్టడమే. అందుచేత అనుమానం వచ్చిన ప్రతిచోటా అసలు పుటను ఆ తెరమీదే చూసి పోల్చుకోవాలి. అది పూర్తయ్యేదాకా ఆ యంత్రం బతకాలి, అంటే దాని ఎస్సెంపీయెస్ బతకాలి.

ముందుగా అది చేసే పని ఏమిటో చెబుతాను. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరుకు కావలసింది 5, 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. పాతకాలపు రేడియోల్లో ఈ పనికి బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. ఎస్సెంపీయెస్ దారి వేరు. వచ్చిన కరెంటును వచ్చినట్టే ఏకముఖం చేసి, దాదాపు 325 వోల్టులుగా రెండు పెద్ద కెపాసిటర్లలో నింపుతుంది. దాన్ని రెండు ట్రాన్సిస్టర్లు సెకనుకు కొన్ని పదులవేల సార్లు ముక్కలుగా తరుగుతాయి. అంత వేగంగా తరిగిన కరెంటుకు చిన్న ట్రాన్స్‌ఫార్మరు చాలు. అవతల మళ్ళీ ఏకముఖం చేస్తే 5, 12 వోల్టులు వస్తాయి. 5 వోల్టులు తగ్గినా పెరిగినా ఒక చిప్పు గమనించి తరిగే తీరును సవరిస్తుంది. ఆనాటి డబ్బాలు ఎన్నింటిలోనో ఆ చిప్పు టీఎల్ 494, లేదా దాని సవతి సోదరుడు. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ ఈ పద్ధతిలోనే సరఫరా రూపొందించాడు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి 63.5 వాట్ల డబ్బా సరిపోయింది. 1984 నాటి ఏటీకి 192 వాట్లు కావలసివచ్చింది.

ఇక మా ఊరి కరెంటు. జహీరాబాదు చుట్టూ చెరుకు, అల్లం, ఆలుగడ్డ. వాటికి బోరుబావులు, బోర్లకు మోటార్లు. 1990ల చివర యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారి అందుకున్నాయంటే ఇంట్లో ట్యూబులైటు వెలగడం మానేసి కళ్ళు ఆర్పేది. స్టెబిలైజరు రాత్రంతా టక్కుటక్కుమంటూనే ఉండేది. ఇందులో ఒక చిక్కుంది. వోల్టేజి తగ్గితే బల్బు మసకబారి ఊరుకుంటుంది. ఎస్సెంపీయెస్ అలా ఊరుకోదు. తన అవతలివైపు ఇవ్వవలసిన శక్తి ఇచ్చితీరాలి కనుక, వోల్టేజి తగ్గిన మేరకు ఎక్కువ కరెంటు గుంజుకుంటుంది. 230 వోల్టులు 160కి పడిపోతే దాదాపు ఒకటిన్నర రెట్ల కరెంటు. లోపలి తీగల్లో, ట్రాన్సిస్టర్లలో వేడి పెరిగేది అంతకన్నా ఎక్కువే. తక్కువ వోల్టేజి కదా, ఏమీ కాదులే అనుకోవడానికి వీల్లేదు. పైగా పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణం ఉంది. ఖాళీ అయిన కెపాసిటర్లు ఒక్క గుటకలో నిండాలని చూస్తాయి. రోజుకు పదిసార్లు పోయి పదిసార్లు వచ్చే కరెంటు మీద బతికిన యంత్రం, వయసుకు మించి ముసలిదవడంలో వింత లేదు.

వయసు ముందుగా కనబడేది కెపాసిటర్లలో. (మా ఊళ్ళో పంకా బాగుచేసేవారూ బోరు మోటారు బాగుచేసేవారూ దాన్ని కండెన్సరు అనే అంటారు. నాకు ఆ మాటే ఇష్టం, కానీ ఇక్కడ పుస్తకాల మాటే వాడుతున్నాను.) వాటి లోపలి తడి ఆరిపోతే పని తగ్గుతుంది. ఒక మోటు లెక్క ఉంది: పది డిగ్రీల వేడి తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 105 డిగ్రీల వద్ద రెండువేల గంటలని రాసి ఉన్న కెపాసిటరు, 75 డిగ్రీల వద్ద సుమారు పదహారు వేల గంటలు నిలుస్తుంది. వైశాఖమాసపు గదిలో, దుమ్ముతో మూసుకుపోయిన డబ్బాలో, ఆ లెక్క ఎటు తిరుగుతుందో చెప్పనవసరం లేదు.

కాబట్టి ఏడాదికొకసారి దానికి వైద్యపరీక్ష. మొదటి సూత్రం ప్రాణభయం. ప్లగ్గు పీకినంతమాత్రాన డబ్బా చచ్చిందనుకోకూడదు. ఆ 325 వోల్టులు పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటాయి. పది నిమిషాలు ఆగి, మూత తీసి, ఏమీ ముట్టుకోకుండా ముందు మల్టీమీటరుతో కెపాసిటర్ల కాళ్ళ మధ్య చూస్తాను. మీటరు సున్నా దగ్గరకు వచ్చాకే చెయ్యి పెట్టడం. ఏటీ రకం క్యాబినెట్టులో ఇంకో ప్రమాదముంది. ముందువైపు మీట నొక్కేది చిన్న సంకేతం కాదు, నేరుగా 230 వోల్టులే లావాటి తీగలో అక్కడిదాకా వస్తాయి. ఆ తీగల తొడుగు ఎండి పగిలితే రేకు మొత్తం కరెంటే.

రెండోది కళ్ళతో, ముక్కుతో పరీక్ష. కెపాసిటరు తల ఉబ్బిందా, కింద జిగురుగా ఏమైనా కారిందా, చేపవాసన లాంటిది వస్తున్నదా. మా ప్రాంతంలో దీనికి తోడు ఎర్రమట్టి దుమ్ము, చీమలు, వెచ్చదనానికి దూరి తీగల మధ్య అడ్డంపడి చచ్చిన బల్లి. నవ్వకండి, బల్లి తెచ్చే షార్టుసర్క్యూటు తక్కువదేమీ కాదు. 1980ల నాటి కొన్ని యూరపు యంత్రాల్లో పచ్చటి గాజులాంటి తొడుగున్న కాగితపు కెపాసిటర్లుంటాయి. తొడుగు పగిలి తేమ పీల్చుకొని, ఒకనాడు గదినిండా పొగ వదులుతాయి. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు చేరిన బీబీసీ మైక్రోలు ఆ కాలానివే. మీ బడి గదిలో ఒకటి మిగిలి ఉంటే, ప్లగ్గు పెట్టేముందు వాటిని చూడండి.

వెనక ఉండే చిన్న ఎర్రమీట గురించీ చెప్పాలి. అది 115, 230 వోల్టుల మధ్య మార్చేది. 115 వైపు ఉంటే లోపలి ఏర్పాటు వచ్చిన వోల్టేజిని రెట్టింపు చేస్తుంది. అలా ఉంచి మన 230 ఇస్తే, రెండువందల వోల్టులకు తయారైన ఒక్కొక్క కెపాసిటరు మీద 325 పడుతుంది. తర్వాత వినిపించేది దీపావళి చప్పుడే. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కంప్యూటర్లకు ఇక్కడ ప్రత్యేకమైన గండం ఇది.

మూడోది సీరీస్ బల్బు. ప్రతి టీవీ మెకానిక్కు దగ్గరా ఉండే పాత ఉపాయం. అరవై వాట్ల ఫిలమెంటు బల్బును డబ్బాకు వరుసలో కలిపి కరెంటు ఇవ్వాలి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే కెపాసిటర్లు నిండాయి, లోపల షార్టు లేదన్నమాట. వెలుగుతూనే ఉంటే లోపల ఏదో కాలింది. ఇక ముందుకు పోకూడదు.

ఆ తర్వాత అసలు కొలత. ఖాళీ డబ్బాను కొలవడం దండగ. పాతవి కొన్ని బరువు లేకుండా మొదలే కావు. అలాగని మదర్‌బోర్డునే బరువుగా పెట్టి పరీక్షించడం, వంట కుదిరిందో లేదో చుట్టానికి పెట్టి చూడడం లాంటిది. 5 వోల్టుల తీగకు ఐదు ఓములు, పది వాట్ల నిరోధం ఒకటి తగిలిస్తే ఒక ఆంపియరు పారుతుంది. 12 వోల్టులకు మోటారుసైకిలు బల్బు చాలు. సీరీస్ బల్బు తీసేసి, ఇప్పుడు మీటరు పెట్టాలి. ఎర్రతీగలో 4.75 నుంచి 5.25 వరకు, పసుపుతీగలో 11.4 నుంచి 12.6 వరకు ఉంటే క్షేమం. అరగంట వేడెక్కనిచ్చి మళ్ళీ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు నిజం చెప్పి, వేడెక్కాక అబద్ధమాడే డబ్బాలుంటాయి.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. ఏటీ డబ్బాలో నారింజతీగ ‘కరెంటు సవ్యంగా ఉంది’ అని బోర్డుకు చెప్పే సంకేతం. 1995లో ఏటీఎక్స్ వచ్చాక ఆ పని బూడిదరంగుకు పోయి, నారింజ 3.3 వోల్టులయింది. ఏటీలో బోర్డుకు వెళ్ళే పట్టీలు రెండు. రెండింటి నల్లతీగలూ పక్కపక్కన మధ్యలో కలవాలి. తారుమారైతే బోర్డు దక్కదు.

మా యంత్రం డబ్బాలో ఇప్పటికి రెండుసార్లు కెపాసిటర్లు మార్చాను. వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులో, కోఠీ గుజరాతీ గల్లీలో అవి దొరుకుతాయి. విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల రకమే కావాలి. కొత్త ఏటీఎక్స్ డబ్బాను మార్పిడి తీగతో తగిలించవచ్చు కదా అన్నారొక మిత్రులు. తగిలించవచ్చు. కానీ కొత్తవాటిలో మైనస్ 5 వోల్టులు లేవు, వాటి బలమంతా 12 వోల్టుల మీదే. పాత యంత్రం బతికేదేమో 5 వోల్టుల మీద.

చివరిగా ఎర్తింగు. కంప్యూటరు రేకును ముట్టుకుంటే వేళ్ళు జిల్లుమనడం మనలో చాలామందికి అనుభవమే. డబ్బాలో రెండు చిన్న కెపాసిటర్లు కరెంటులోని రొదను నేలకు పంపడానికి రేకుతో కలిసి ఉంటాయి. ప్లగ్గు మూడో రంధ్రం వెనక తీగ లేకపోతే, రేకు ఇటూ అటూ కాక నడిమధ్యన, 115 వోల్టుల దగ్గర తేలుతుంది. మనల్ని చంపేంత కరెంటు కాదు. తాళపుబిళ్ళ గుచ్చే సన్నటి పిన్నులకు మాత్రం అదే ఎక్కువ. మా ఎర్రగరప నేల ఎండాకాలంలో రాయిలా ఎండిపోతుంది కనుక, బొగ్గూ ఉప్పూ వేసి పాతిన గొట్టం దగ్గర వారానికి రెండు బిందెలు నీళ్ళు పోస్తాను. చూసేవారు ఏ మొక్కకని అడుగుతారు.

జహీరాబాదు దగ్గరి మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దళిత స్త్రీలు నడిపే ఆ రేడియోలో మా ప్రాంతపు మాట గాలిలో వినిపించినప్పుడు మామ ఎంతో సంబరపడ్డాడు. మాటకు రెండు బతుకులు, చెవిలో ఒకటి, రాతలో ఒకటి అనేవాడు. ఆయన రాసిపెట్టిన రెండువందల పుటల్లో నూటనలభై దాకా పోల్చి చూడడం అయింది. ఇంకా అరవై ఉన్నాయి. చలికాలపు మంచుకే పండే ‘సత్యం పంటల’ మీది పాటలు ఆ అరవైలోనే ఉన్నాయి. గత నెల పరీక్షలో ఎర్రతీగ 5.04, పసుపుతీగ 11.9 చూపాయి. తొందరపడకుండా వారానికి రెండు పుటల చొప్పున చేసినా, ఏడాదిలోపే పూర్తవుతుంది.

మీ అటకల మీద కూడా తాత రాసిన నాటకమో, నాన్న కూర్చిన ఊరి చరిత్రో ఏ పాత ఖతిలోనో బందీగా ఉండవచ్చు. యంత్రాన్ని కిందికి దింపగానే మీట నొక్కకండి. ముందు మూత తీయండి, బల్బు కట్టండి, మీటరు పెట్టండి. డిస్కు నకలు తీసుకోండి. చదివేవారూ దిద్దేవారూ కావాలంటే చెప్పండి, నాకు తీరిక ఉంది.