పడదన్న మాట

మన తెలుగువారి పలుకుబళ్లలో "పడదు" అనునది మిక్కిలి వాడుకలో నున్న మాట. రాత్రివేళ పెరుగు పడదందుము; వంకాయ పడదందుము; పొరుగూరి నీరు పడదందుము; అత్తాకోడండ్రకు పడదందుము. ఇన్నిటికి నొక్కటే మాట యగుటచే దానిని వినువారికి గురి తక్కువ. పడదన్నవానిని చూచి "ఒక్క ముద్దకేమి యగును?" అని నవ్వుట మనలో మర్యాదగనే చెల్లుచున్నది. ఆ నవ్వు నొకనాడు మేమును నవ్వితిమి. దాని ఫలమును కన్నులార జూచితిమి. విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత మేలు కలుగునేమో యను తలంపుతో ఆ సంగతి నిచట వ్రాయుచున్నాము.

గంపలగూడెము తిరువూరు ప్రాంతమున నొక మండల కేంద్రము. చుట్టును మామిడితోటలు, ప్రత్తి మిరప చేలు గల మెట్టసీమ. నేడది 2022లో నేర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, మేము చెప్పబోవు నాటికి కృష్ణాజిల్లాలోనే యుండెను. అచ్చట మా స్నేహితు లొకరు క్రొత్త యిల్లు కట్టుకొని, కృతజ్ఞతాకూడిక జరుపుచు మమ్మును పిలిచిరి. అవి వేసవి ప్రవేశించు దినములు. ప్రార్థన ముగిసినది. వీధిలో వేసిన పందిరి క్రింద ప్రేమవిందునకు బల్లలు పరచిరి. వడ్డనలో చేయి వేయుట మాకు మొదటినుండియు నిష్టమగుటచే, మేమును గరిటె పట్టితిమి.

ఆ యింటి క్రొత్త యల్లుని తమ్ముడు పంక్తి చివర కూర్చుండెను. ఇరువది రెండేండ్ల వాడు. చదువు ముగించి యుద్యోగమునకై ప్రయత్నించుచుండెను. నెమ్మదియైన మాట, నవ్వుమొగము. రొయ్యల వేపుడు తెచ్చినవారిని చేయి యడ్డుపెట్టి వారించి, "నాకు రొయ్యలు పడవండీ" అనెను. వారు ముందునకు సాగిరి. పిదప మేము గోంగూర తెచ్చితిమి. అతడు మావంక జూచి, "ఇందులో ఏమైనా కలిపినారాండీ?" అని యడిగెను. "గోంగూరలో గోంగూరయే యుండును బాబూ! గోంగూర వద్దన్నవాడవు మా జిల్లాకు అల్లుని తమ్ముడ వెట్లయితివి?" అని మేమనగా పంక్తి యంతయు నవ్వెను. అతడును నవ్వి విస్తరి ముందునకు జరిపెను. రెండు గరిటెలు వడ్డించితిమి. వంటవానిని అడిగితిమా? లేదు. వంటపందిరి మాకు పదియడుగుల దూరమున నుండెను.

మరి పది నిమిషములు కాలేదు. అతడు అరచేతులు గోకికొనుచు, పలుమారు గొంతు సవరించుకొనుచుండెను. పొలమారినదని తలచి మంచినీళ్లిచ్చితిమి. మెడమీద ఎఱ్ఱని దద్దుర్లు లేచెను. పెదవులు వాచెను. అతడు లేచి ప్రక్కకు బోయి వాంతి చేసికొనెను. మాటాడబోగా కంఠస్వరము మారి బొంగురుపోయెను. "నాకేదో అయిపోవుచున్నదండీ" అని మా చేయి పట్టుకొనెను. ఆ చేయి చల్లగా నుండెను. ఎవరో సంచిలోనుండి దద్దుర్ల బిళ్ల తీసి మ్రింగించిరి. మరియొకరు మజ్జిగ తెచ్చిరి. దిష్టి యని యొక పెద్దమ్మ యనగా, ఎండదెబ్బ యని యింకొకరనిరి. 108కి ఫోను చేసినారు; బండి బయలుదేరినదని చెప్పిరి. కాని మా ప్రాణము నిలువలేదు. వీధి చివరనున్న ఆటో వరకు నడిపింతమని, పండుకొనియున్న వానిని మేమొక ప్రక్కను, అన్నగారొక ప్రక్కను భుజములు పట్టి నిలువబెట్టితిమి. నాలుగడుగులు వేసెనో లేదో కన్నులు తేలవైచి మా చేతులలోనే కూలిపోయెను.

తిరువూరు బాటలో సగము దూరము పోవుసరికి ఊపిరి వినబడదయ్యెను. ఆటోలో నున్నవార మైదుగురము. రొమ్ముపై నొత్తి గుండెను నడిపించు విధము మాలో నొక్కరికిని తెలియదు. ఆసుపత్రిలో వైద్యులు చూచి, అంతయు నయిపోయినదనిరి. మొదటి ముద్దనుండి ఆ మాట వరకు గంట కాలము కూడ పట్టలేదు. "ఏమి తినెను?" అని వారడిగిరి. రొయ్యలు తినలేదంటిమి. వారు మరల నడిగిరి. అప్పుడు మేము వంటవానికి ఫోను చేసితిమి. "గోంగూరలో రుచికి ఎండు రొయ్యపొట్టు దంచి వేసితినండీ. ఎవరైన అడిగియుంటే చెప్పియుందును గదా" అని యతడనెను.

నిజమే. అడిగినవాడు అడిగినాడు, అడుగవలసినవారము అడుగలేదు.

పిదప మేము వైద్యులను అడిగియు, గ్రంథములు చదివియు తెలిసికొన్నదానిని కొంత చెప్పెదము. శరీరమునకు హాని చేయని పదార్థమును శత్రువని రోగనిరోధకశక్తి పొరబడుటనే అలర్జీ యందురు. ఆ పదమును 1906లో వియన్నా నగర వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. అంతకు ముందే ఫ్రాన్సుదేశపు శార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారు 1901లో మొనాకో ప్రభువు ఓడపై సముద్రజంతువుల విషమును పరీక్షింప నారంభించిరి. కుక్కలకు స్వల్పముగ విషమెక్కించి, వానికి రక్షణ కలిగింపవలెనని వారి యూహ. మొదటిసారి తట్టుకొన్న కుక్క, కొన్ని వారముల పిదప అంతకంటె తక్కువ మోతాదునకే కొలది నిమిషములలో చచ్చెను. రక్షణ కలుగుటకు మారుగా దానికి విరుద్ధమైనది కలిగెను గనుక, 1902లో దీనికి అనఫిలాక్సిస్ అని పేరిడిరి. ఇందులకై రిషేకు 1913లో నోబెలు బహుమానము లభించెను.

పొరబడిన దేహము ఐజీఈ యను ప్రతిరక్షకమును తయారుచేయును. దీనిని 1966లో అమెరికాలో పనిచేయుచున్న జపాను దంపతులు, ఇషిజాకా అనువారు, కనిపెట్టిరి. మరల నా పదార్థము లోనికి బోయినంతనే హిస్టమీను మొదలగు రసాయనములు ఒక్కుమ్మడిగ వెలువడును. చర్మము దద్దురించును, గొంతు వాచును, ఊపిరి గొట్టములు ముడుచుకొనును, రక్తనాళములు సడలి రక్తపుపోటు పడిపోవును. రొయ్యలలో నిట్టి చేటు తెచ్చు ముఖ్యపదార్థము ట్రోపోమయోసిను అను మాంసకృత్తు. అది వేడికి చెడదు. ఉడికించినను, వేయించినను, ఎండబెట్టి దంచినను దాని గుణము పోదు. కావున పొట్టు రూపమున నొక చిటికెడు చాలును.

పంఫ్రీ యను ఆంగ్ల వైద్యుడు తన దేశమున ఇట్లు మరణించినవారి వృత్తాంతములు సేకరించి 2000లో ప్రకటించెను. ఆహారమువలన నైన మరణములలో ఊపిరియో గుండెయో ఆగుటకు పట్టిన కాలము మధ్యస్థముగ 30 నిమిషములని అందు కలదు. పండుకొనియున్న రోగిని హఠాత్తుగ కూర్చుండబెట్టుటయు నిలువబెట్టుటయు మరణమునకు దారితీయగలదని ఆయనయే 2003లో చూపెను. ఈ వాక్యమును చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ పిల్లవానిని నిలువబెట్టిన చేతులు మావి.

దీనికి మందు లేకపోలేదు. 1901లో తకామినె అను జపాను శాస్త్రజ్ఞుడు శుద్ధరూపమున వేరుచేసి లోకమునకు దెలిపిన అడ్రినలినే నేటికిని మొదటి మందు. తొడ వెలుపలి భాగమున కండలోనికి, పెద్దవారికి అర మిల్లీగ్రాము, పిల్లలకు వయస్సును బట్టి తక్కువగ, ఆలస్యము లేక సూదివేయవలెను. గుణము కనబడనిచో అయిదు నిమిషములకు మరల వేయుదురు. దద్దుర్ల బిళ్ల దురద తగ్గించును గాని ప్రాణము నిలుపజాలదు. టీకాలు వేయుచోట ఈ అడ్రినలినును సిద్ధముగ నుంచుట నియమము. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందైన నుండదగిన, వెల తక్కువ మందు. మేము దిష్టియా, ఎండదెబ్బయా యని వాదించుకొన్న నిమిషములలో దానిని గూర్చి తలచినవా డొక్కడును లేడు, పేరే యెరుగము.

భూస్థాపన దినమున ఆ తల్లిని చూడబోయితిమి. "చిన్ననాడు రెండుసార్లు దద్దుర్లు వచ్చినవండీ. అంతకు మించి యేమియు కాలేదు. అందుకే మేమును పెద్దగా పట్టించుకొనలేదు" అని యామె చెప్పెను. మొదట స్వల్పముగ వచ్చినది మరియొకమారు స్వల్పముగనే వచ్చునను నియమము లేదని మాకు గూడ అప్పటికి తెలియదు. కొంతసేపు ఊరకుండి యామె, "మావాడు తినకముందు అడిగెనా అండీ? జాగ్రత్తపడెనా?" అనెను. అబద్ధమాడుటకు మాకు నోరు రాలేదు. "అడిగెనమ్మా. రొయ్య లేదని చెప్పినది మేమే" అంటిమి. ఆమె మమ్మును నిందింపలేదు. "అడిగినాడు గదా" అని మాత్రము రెండుమార్లు తనలో తాననుకొనెను. ఆమె నిందించియుండిన మాకు భారము కొంత తగ్గియుండును.

అతిథిని కొసరి కొసరి తినిపించుట మన దేశపు సుగుణము. వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టి కీర్తిగన్న డొక్కా సీతమ్మగారు (1841–1909) పుట్టిన నేల యిది. ఆ సుగుణమును విడువవలెనని మేము చెప్పుట లేదు. కాని తినువాని యాకలిని గుర్తించుట యెంతటి యాతిథ్యమో, వాని దేహపు బలహీనతను గుర్తించుటయు నంతటి యాతిథ్యమే. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, ఆహారవిషయమున బలహీనుడైన సహోదరుని తలంపవలెనని బోధించెను. ఆయన చెప్పినది మనస్సాక్షిని గూర్చియైనను, దేహమును గూర్చియు ఆ బోధ చెల్లునని మాకు తోచుచున్నది.

ఇతర దేశములలో నిట్టి మరణములు చట్టములనే మార్చినవి. 2016లో పదునైదేండ్ల ఆంగ్ల బాలిక నటాషా, పైచీటిపై నువ్వుల పేరు లేని రొట్టెను కొని తిని, విమానములో జబ్బుపడి మరణించెను. ఆమె తలిదండ్రుల ప్రయాసవలన, అమ్ముచోటనే ముందుగా కట్టియుంచిన తినుబండారములపై లోపలి దినుసులన్నియు వ్రాయవలెనను చట్టము ఇంగ్లండులో 2021 అక్టోబరునుండి అమలయ్యెను. మన దేశమున గూడ పొట్లములపై వేరుసెనగ, పాలు, గ్రుడ్డు, చేప, రొయ్యజాతి, జీడిపప్పు వంటి గింజలు, సోయా, గోధుమ మున్నగువాని పేరు ప్రకటింపవలెనని 2020 నాటి నియమములు చెప్పుచున్నవి. అయితే పెండ్లిపందిరిలోని గోంగూరకు పైచీటి లేదు. అచ్చట చీటి వడ్డించువాని నోరే.

కనుక విద్యార్థులారా, ఈ కొలది మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఒకడు పడదన్నచో నవ్వకుడు, "తినిన ఏమగును?" అని యడుగుడు. కూరలో నేమున్నదో తెలియనిచో తెలియదనుడు, తెలిసినవానిని అడిగి వచ్చి చెప్పుడు. తినిన కొలది నిమిషములలో దద్దుర్లతో గూడ గొంతు బొంగురుపోయినను, ఊపిరి పట్టినను, వాంతియో కండ్లు తిరుగుటయో కలిగినను, దానిని ప్రాణాపాయముగ నెంచి 108కి తెలుపుడు. అలర్జీ యను మాట మొదటనే చెప్పుడు. రోగిని పండుకొనబెట్టి కాళ్లు ఎత్తియుంచుడు, ఆయాసమధికమైనచో ఆనుకొని కూర్చుండనిండు, నిలువనీయకుడు, నడువనీయకుడు. తెప్పరిల్లినను కొన్ని గంటలు వైద్యుల చూపులో నుంచవలెను, ఏలయన కొందరికది మరల తిరుగబెట్టును.

తలిదండ్రులకు నొక మనవి. మీ బిడ్డకు పడని వస్తువేదైన నున్నచో సంకోచింపక వ్రాతమూలముగ ఉపాధ్యాయులకు తెలుపుడు. మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్నభోజనముతో గ్రుడ్డును, వేరుసెనగ చిక్కీయు పిల్లలకు పెట్టుచున్నారు. అవి బలమునిచ్చు మంచి యాహారములు. నూటికి పెక్కుమందికి మేలే. అవి పడని యొక్క బిడ్డ ఎవరో వడ్డించువారికి తెలిసియుండవలెను.

ఆ దినమునుండి మేము ఏ విందులో గరిటె పట్టినను, మొదట వంటపందిరిలోనికి బోయి ప్రతి పాత్రలో నేమేమి వేసితిరని యడుగుచున్నాము. కొందరు వంటవారు విసుగుకొందురు, కొందరు నవ్వుదురు. ఆ పదియడుగులు నడుచుట మాకు కష్టము కాదు. ఒకనాడు నడువకపోయితిమి.